చేసిన హోంవర్కు సంచిలోనే! అవధాన లోపం గల పిల్లలకు తోడ్పడే ఇంటి పద్ధతులు

రాత్రి తొమ్మిది గంటల వరకు తల్లి పక్కన కూర్చుని చేయించిన లెక్కలు మరునాడు బడిలో టీచరు గారి బల్ల మీదికి చేరవు. సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో "హోంవర్కు చేయలేదు" అన్న వాక్యం చూసి ఆ తల్లి నిర్ఘాంతపోతుంది. సంచి బోర్లించి వెదికితే నోటుపుస్తకం అడుగున, నలిగిన కాగితాల మధ్య, పదిలంగానే ఉంటుంది. "చేశావు కదా నాన్నా, ఎందుకివ్వలేదు?" అని అడిగితే పిల్లవాడి వద్ద సమాధానం ఉండదు. వాడు అబద్ధమాడడం లేదు. నిజంగానే వాడికి తెలియదు. చేయని పనికి శిక్ష పడడం లోకంలో ఉన్నదే. చేసిన పనికి కూడా శిక్ష అనుభవించే పిల్లలు కొందరున్నారు. ఈ వ్యాసం వారి కోసం.

ఇటువంటి ఇళ్లలో తరచుగా వినిపించే మాటలు రెండు. "తెలివి ఉంది కాని శ్రద్ధ లేదు" అన్నది మొదటిది. "వీళ్ల నాన్న కూడా చిన్నతనంలో అచ్చం ఇంతే" అన్నది నాయనమ్మ గారి మాట. మొదటి మాటలో సగమే నిజం. రెండవ మాట శాస్త్రానికి చాలా చేరువగా ఉంది. వైద్యులు ఎ.డి.హెచ్.డి. అని పిలిచే అవధాన లోప, అతిచలన రుగ్మతలో వంశపారంపర్య ప్రభావం నూటికి 70 నుండి 80 పాళ్ల వరకు ఉంటుందని కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు తెలుపుతున్నాయి. తల్లి పెంపకం సరిగా లేనందువల్ల ఈ స్థితి రాదు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే ఎందరో తల్లుల మనోవ్యథ సగం తగ్గుతుంది.

లక్షణం ఎటువంటిది?

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. 1902లో లండన్ నగరంలో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు, తెలివితేటలు సక్రమంగా ఉండి కూడా నిలకడ, స్వీయనిగ్రహం లేని పిల్లలను గూర్చి ఉపన్యాసాలు ఇచ్చాడు. నేడు వాడుకలో ఉన్న పేరు 1987లో స్థిరపడింది. ప్రపంచమంతటా బడి ఈడు పిల్లలలో సుమారు నూటికి ఐదుగురిలో ఈ స్థితి ఉంటుందని అంచనా. అనగా నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు.

కొందరిలో అతిచలనం ప్రధానం: కుర్చీలో నిలువరు, వంతు వచ్చే వరకు ఆగలేరు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెబుతారు. కొందరిలో అవధాన లోపం మాత్రమే కనిపిస్తుంది: కదలకుండా కూర్చుంటారు, కిటికీలోనుండి చూస్తుంటారు, పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడతారు. రెండవ రకం ఆడపిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కనుక "నెమ్మదైన పిల్ల, కాస్త మందమతి" అని సరిపెట్టుకుంటారు. ఇది ఆ పిల్లకు జరిగే అన్యాయం. ఇక మూడవ రకంలో ఈ రెండూ కలగలిసి ఉంటాయి.

"గంటల తరబడి ఫోను చూస్తాడు, అప్పుడు లేని అవధాన లోపం లెక్కల దగ్గరే ఎందుకు వస్తుంది?" అని తండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ పిల్లలకు అవధానం లేకపోవడం కాదు, దానిని తమ ఇష్టప్రకారం మళ్లించుకోగల శక్తి కొరవడడం ఉంటుంది. ఫోనులో క్షణానికొక కొత్త బొమ్మ, వెంటనే ఫలితం. పదమూడవ ఎక్కంలో ఆ రెండూ లేవు. బయటి వస్తువు మనస్సును లాగి పట్టుకున్నప్పుడు ఎవరి అవధానమైనా నిలుస్తుంది. లాగే వస్తువు లేనప్పుడు లోపలినుండి మనస్సును నిలబెట్టవలసిన శక్తియే వీరిలో ఆలస్యంగా పక్వమవుతుంది.

"ఆలస్యంగా" అన్న మాట ఊరికే వాడలేదు. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు చిత్రాలను ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మెదడు పైపొర చాలా భాగాలలో పూర్తి మందానికి చేరే సగటు వయస్సు సాధారణ బాలలలో ఏడున్నర ఏళ్లు కాగా, ఈ రుగ్మత గలవారిలో పదిన్నర ఏళ్లు. ఆలోచనను, ప్రణాళికను, నిగ్రహాన్ని నడిపించే ముందు భాగాలలోనే ఈ జాప్యం అధికం. కనుక ఐదవ తరగతి పిల్లవాడి పుస్తకాల సర్దుబాటు రెండవ తరగతి పిల్లవాడి సర్దుబాటు వలె ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. లెక్కలు, సామాన్యశాస్త్రం ఐదవ తరగతివే అర్థమవుతాయి. సంచి సర్దడం మాత్రం రెండవ తరగతి స్థాయిలో ఉంటుంది. రెండవ తరగతి పిల్లవాడి సంచి మనమే చూస్తాం కదా! అదే సహాయం మరి రెండు మూడేళ్లు పొడిగించడం గారాబం కాదు.

ధీ, ధృతి, స్మృతి

ఆయుర్వేద గ్రంథాలలో ఈ రుగ్మతకు సరిగ్గా సమానమైన పేరు లేదు. కొందరు దీనిని ఉన్మాదంతో ముడిపెడుతున్నారు. అది సరికాదు, పిల్లవాడికి మేలూ చేయదు. అయితే చరకసంహిత శారీరస్థానం బుద్ధి వ్యాపారాన్ని ధీ, ధృతి, స్మృతి అని మూడుగా విభజించి చూపిన తీరు తల్లిదండ్రులకు ఎంతో ఉపకరిస్తుంది. మంచిచెడులను గ్రహించేది ధీ. పరుగెత్తే మనస్సును పట్టి నిలిపేది ధృతి. తెలిసినదానిని తగిన సమయానికి జ్ఞప్తికి తెచ్చేది స్మృతి. ఈ పిల్లలలో ధీ చక్కగానే ఉంటుంది. ధృతి పలుచన, స్మృతి సమయానికి అందదు. హోంవర్కు ఇవ్వాలని వాడికి తెలుసు. ఇవ్వవలసిన నిమిషంలో గుర్తుకు రాదు. కనుక "హోంవర్కు ఎంత ముఖ్యమో తెలుసా?" అని గంటసేపు బోధించడం బలంగా ఉన్న ధీకే మళ్లీ మందు వేయడం. సహాయం అందవలసినది ధృతికి, స్మృతికి. ఆ రెంటినీ కొంతకాలం పిల్లవాడి తల బయట, అనగా గోడ మీద, సంచి మీద, గడియారంలో అమర్చి పెట్టాలి. ఈ వ్యాసంలోని ఉపాయాలన్నింటికీ మూలం ఇదే.

గొలుసు ఎక్కడ తెగుతోంది?

హోంవర్కు అనేది ఒక పని కాదు. టీచరు చెప్పినది వినడం, డైరీలో వ్రాసుకోవడం, అందుకు కావలసిన పుస్తకాలను ఇంటికి తేవడం, కూర్చుని చేయడం, తిరిగి సంచిలో పెట్టడం, మరునాడు టీచరుకు అందించడం: ఆరు లంకెల గొలుసు. మామూలు పిల్లలలో ఈ ఆరూ తమంత తామే కలిసిపోతాయి. ఈ పిల్లలలో ఏదో ఒకటి రెండు లంకెలు తెగుతాయి. ఏది తెగుతున్నదో తెలియకుండా ఇల్లంతా నాలుగవ లంకె మీదనే, అనగా కూర్చోబెట్టి చేయించడం మీదనే విరుచుకుపడుతుంది.

అందువల్ల మొదటి వారం ఏమీ మార్చవద్దు. ఒక తెల్లకాగితం మీద ఆరు నిలువు గడులు గీసి వంటింటి తలుపుకు అంటించండి. రోజూ ప్రతి సబ్జెక్టుకు ఏ లంకె వరకు పని సాగిందో చిన్న గీత పెట్టండి. పిల్లవాడిని ఏమీ అనవద్దు. వారం తరువాత చూస్తే గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయో మీకే కనబడుతుంది. డైరీ ఖాళీగా వచ్చే పిల్లవాడికి, అన్నీ చేసి కూడా అందించని పిల్లవాడికి ఒకే చికిత్స పనికిరాదు.

డైరీ లంకె తెగుతున్నట్లయితే తరగతి ఉపాధ్యాయురాలి సాయం తప్పదు. మన బడులలో చివరి గంట కొట్టే ముందు గడబిడలోనే హోంవర్కు చెప్పడం, బల్ల మీద వ్రాసినది తుడిచివేయడం పరిపాటి. "మేడమ్ గారూ, మా బాబు వ్రాసుకున్న డైరీని ఇంటికి పంపే ముందు ఒక్కసారి చూసి సంతకం చేయగలరా? మూడు వారాలు చాలు" అని గడువు పెట్టి అడిగితే చాలామంది టీచర్లు కాదనరు. గడువు లేని కోరిక ఎవరికైనా బరువే. ఇక ఈనాడు తరగతి వాట్సాప్ గ్రూపులో హోంవర్కు వచ్చిపడుతోంది. ఇది తల్లులకు సౌకర్యమే కాని పిల్లవాడు డైరీ వ్రాయవలసిన అవసరమే లేకుండా పోయింది. ముందుగా పిల్లవాడు తన డైరీ చూసి చెప్పాలి. ఆ తరువాతనే మీరు ఫోను తెరచి సరిచూడాలి. డైరీలో సగం వ్రాసుకున్నా ఆ సగాన్ని మెచ్చుకోండి.

పుస్తకాలు తేవడంలోను, సర్దడంలోను అసలు చిక్కు మన అట్టలతో వస్తోంది. ముప్పై పుస్తకాలకు ఒకే రంగు ఖాకీ అట్ట, ఒకే చోట ఒకే రకం లేబులు. పెద్దలమైన మనకే వెదకడం కష్టం. బడి నియమం ప్రకారం అట్ట ఖాకీదే ఉండనివ్వండి. పుస్తకం వీపు మీద మాత్రం రెండు అంగుళాల రంగు కాగితం అంటించండి. తెలుగుకు ఎరుపు, లెక్కలకు నీలం, సైన్సుకు ఆకుపచ్చ, ఇలా పాఠ్యపుస్తకానికీ, క్లాసు నోట్సుకూ, హోంవర్కు నోట్సుకూ ఒకే రంగు. టైంటేబులులో కూడా ఆ గడులకు అవే రంగులు వేయాలి. అప్పుడు సంచి సర్దడమంటే చదవడం కాదు, రంగులు కలపడం. ఒక సబ్జెక్టు పుస్తకాలన్నిటినీ వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీతో కట్టి ఉంచితే ఒకటి తీస్తే మూడూ వస్తాయి.

విడి కాగితాలు మరొక బెడద. వర్క్‌షీట్లు, సర్క్యులర్లు, ఫీజు రసీదులు సంచి అడుగున పచ్చడవుతాయి. రెండు జేబులున్న అట్టఫైలు ఒక్కటి చాలు. ఎడమ జేబు మీద "చేయవలసినవి", కుడి జేబు మీద "ఇవ్వవలసినవి" అని పెద్ద అక్షరాలతో వ్రాయండి. ఏ కాగితమైనా ఈ రెంటిలోనే ఉండాలి. నాలుగైదు జేబుల ఫైలు కొనాలని ఉబలాటపడవద్దు. అరలు పెరిగిన కొద్దీ మరపు పెరుగుతుంది. ఆదివారం ఉదయం తలంటు పూర్తయ్యాక పావుగంట సంచి ప్రక్షాళనకు కేటాయించండి. పిల్లవాడే ఒక్కొక్కటి తీయాలి. మీరు పక్కన కూర్చుంటే చాలు. మీరే సర్దేస్తే సంచి శుభ్రపడుతుంది, పిల్లవాడికి ఏమీ రాదు. సంచి బరువు కూడా చూడండి. 2020 నాటి జాతీయ బడిసంచి విధానం ప్రకారం అది పిల్లవాడి బరువులో పదవ వంతు మించరాదు. ముప్పై కిలోల పిల్లవాడికి మూడు కిలోలు.

కూర్చునే వేళ, కూర్చునే చోటు

బడినుండి రాగానే పుస్తకం తెరవమనడం సరికాదు. రోజంతా బిగబట్టిన మనస్సు అది. కాళ్లు చేతులు కడుక్కొని, ఏదైనా తిని, ముప్పావు గంట బయట ఆడి వచ్చిన తరువాత కూర్చోబెట్టాలి. పరుగులు, సైకిలు, తాడాట వంటి శ్రమ తరువాత అవధానం కొంతసేపు మెరుగ్గా నిలుస్తుంది. "హోంవర్కు చేయలేదు కనుక నేడు ఆట లేదు" అనే శిక్ష ఈ పిల్లల విషయంలో ఎదురు తిరుగుతుంది. అయితే వేళ మాత్రం మారకూడదు. ఆరు గంటలంటే ప్రతిరోజూ ఆరే. ఇంటిలో దీపం పెట్టే వేళనే గుర్తుగా పెట్టుకున్న కుటుంబాలలో గడియారం చూపి పోరవలసిన పని ఉండదు. దీపం వెలిగితే పుస్తకం తెరవాలని వాడికే తోస్తుంది.

చోటు గోడవైపు ముఖం ఉండేలా ఉండాలి. కిటికీ, టి.వి., రాకపోకల దారి కనబడకూడదు. బల్ల లేకపోతే పీట మీద రాతపలక చాలు. మరీ ఏకాంతమైన గది కూడా మంచిది కాదు. పెద్దవారొకరు తమ పని తాము చేసుకుంటూ, కూరలు తరుగుతూనో పత్రిక చదువుతూనో, చేరువలో కూర్చుంటే ఆ ఉనికియే పిల్లవాడికి ఆసరా. బల్ల మీద ఒకేసారి ఒకే పుస్తకం. ఇంటి వాడకానికి రెండు పెన్సిళ్లు, రబ్బరు, షార్ప్‌నర్, స్కేలు వేరే డబ్బాలో అక్కడే ఉండాలి, బడి కంపాస్ బాక్సు ముట్టరాదు. ఇది అల్పవిషయంగా తోచవచ్చు. పెన్సిలు చెక్కుకోవడానికి లేచిన పిల్లవాడు బాల్కనీలో తేలతాడు. అక్కడినుండి వెనుకకు తేవడానికి పావుగంట, ఒక గొడవ.

పనిని ముక్కలుగా విడగొట్టండి. పది, పన్నెండేళ్ల లోపు పిల్లలకు పది పదిహేను నిమిషాల పని, మూడు నాలుగు నిమిషాల విరామం. విరామంలో మంచినీళ్లు త్రాగడం, పది గుంజీళ్లు, మేడమెట్లు ఎక్కి దిగడం వంటివి ఉండాలి. ఫోను విరామంలోకి వచ్చిందా, ఆ విరామం ముగియదు. ఈ పిల్లలకు కాలం గడవడం తెలియదు. ఐదు నిమిషాలూ గంటా వారికి ఒకటే. అందుకని కంటికి కనిపించే గడియారం ముందు పెట్టి, "ఈ ఐదు లెక్కలకు ఎన్ని నిమిషాలు పడుతుందో నీవే చెప్పు" అని అడగండి. వాడు చెప్పినది, నిజంగా పట్టినది పక్కపక్కన వ్రాయండి. నెల తిరిగేసరికి అంచనా దగ్గర పడుతుంది. ఆరంభించడమే కష్టమైన పిల్లవాడికి "మొదటి లెక్క మాత్రం చేసి చూపించు" అనండి. మొత్తం పేజీ చూసి బెదరిన మనస్సు ఒక్క లెక్కకు బెదరదు.

ప్రాజెక్టుల సంగతి వేరు. సోమవారం ఇవ్వవలసిన చార్టు ఆదివారం రాత్రి తొమ్మిదికి, స్టేషనరీ దుకాణం మూసిన తరువాత గుర్తుకు వస్తుంది. ప్రతి ఇంటిలోనూ పెద్ద గడులున్న తెలుగు క్యాలెండరు గోడకు వేలాడుతూనే ఉంటుంది. ఇవ్వవలసిన తేదీ వద్ద ఎర్రచుక్క పెట్టి, అక్కడినుండి వెనుకకు లెక్కించి, చార్టు కొనే రోజు, బొమ్మలు సేకరించే రోజు, అంటించే రోజు ఆ గడులలోనే పిల్లవాడి చేత వ్రాయించండి. భవిష్యత్తు కంటికి కనబడితేనే ఈ పిల్లలకు అది ఉన్నట్లు.

చివరి రెండు లంకెలు

వ్యాసారంభంలో చెప్పిన కష్టం ఇక్కడిదే. "హోంవర్కు అయిపోయింది" అన్న మాటకు ఇంటిలో అర్థం మార్చండి. చివరి లెక్క చేయడం కాదు. పుస్తకం సంచిలోకి, సంచి జిప్పు వేసి బూట్ల పక్కకు చేరినప్పుడే అయిపోయినట్లు. ఉదయం సర్దుకోవడం అనే అలవాటును పూర్తిగా మాన్పించాలి. ఉదయపు తొందర ధృతికి పరమశత్రువు.

అందించడం మన కళ్ల ఎదుట జరగదు కనుక అక్కడ ఒక గుర్తు ఉండాలి. కంపాస్ బాక్సు మూత లోపలివైపు "ఇచ్చానా?" అని ఒక చీటీ అంటిస్తే, పెన్సిలు తీసిన ప్రతిసారీ కంటబడుతుంది. టీచరు అంగీకరిస్తే చిన్న కార్డు ఒకటి పంపవచ్చు. దాని మీద రెండే ప్రశ్నలు: హోంవర్కు అందినదా, డైరీ వ్రాసుకున్నాడా. టీచరు టిక్కు పెడితే చాలు, వ్యాఖ్యలు వద్దు. పాశ్చాత్య దేశాలలో బాలల మనస్తత్వ నిపుణులు ఎంతోకాలంగా వాడుతున్న పద్ధతి ఇది.

టిక్కు ఉన్న రోజు సాయంత్రమే ఫలితం కనబడాలి. "పరీక్షలో ఫస్టు వస్తే సైకిలు" అన్న వాగ్దానం ఈ పిల్లలకు గాలిలో దీపం. గాజుసీసాలో చింతపిక్కలు వేయడం మన ఇళ్లకు సరిపోయే పద్ధతి. తెగుతున్న లంకె పూర్తయిన ప్రతిసారీ ఒక పిక్క. ఇరవై పిక్కలకు నాన్నతో పార్కుకు వెళ్లడం, తనకిష్టమైన వంటకం చేయించుకోవడం వంటివి ముందుగానే కలిసి నిర్ణయించుకోవాలి. ఒకసారి వేసిన పిక్కను కోపంలో వెనుకకు తీయరాదు. ఇది లంచం కదా అని పెద్దలు శంకించవచ్చు. 2013లో అమెరికాలో మూడు నుండి ఐదవ తరగతి వరకు చదివే 158 మంది పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. కొందరికి సర్దుకునే నైపుణ్యాలను పది వారాలు నేర్పారు. మరికొందరి తల్లిదండ్రులకు, టీచర్లకు మెప్పుతో, బహుమతులతో పని రాబట్టడం నేర్పారు. ఏ సహాయమూ లేనివారికంటే ఈ రెండు వర్గాల పిల్లలూ మెరుగయ్యారు. కనుక పిక్కల సీసాను లంచమనక్కరలేదు, మూడు చక్రాల సైకిలు అనుకోవచ్చు.

దండన మాట ఒకటి చెప్పక తప్పదు. కొట్టడం వల్ల స్మృతి పెరగదు. పుస్తకం అంటే భయం, తరువాత అబద్ధం మాత్రం పెరుగుతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం బడిలో శారీరక శిక్షను, మానసిక హింసను నిషేధించింది. హోంవర్కు మోతాదు మీద కూడా 2020 బడిసంచి విధానం పరిమితులు సూచించింది: రెండవ తరగతి వరకు అసలే వద్దు, మూడు నుండి ఐదు వరకు వారానికి రెండు గంటలు, ఆరు నుండి ఎనిమిది వరకు రోజుకు ఒక గంట. మన ప్రైవేటు బడులు చాలావరకు దీనిని పట్టించుకోవడం లేదు. అయినా "పది లెక్కలకు బదులు ఐదు చేయిస్తాము, మిగిలినవి మన్నించండి" అని అడగడానికి తల్లిదండ్రులకు ఇది మంచి ఆధారం.

ఆహారం, నిద్ర, మూలికలు

బెల్లం, చక్కెర తింటే పిల్లలు చెలరేగుతారన్న నమ్మకం బలమైనది. 1995లో అప్పటి వరకు వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించగా చక్కెరకు, ప్రవర్తనకు సంబంధం తేలలేదు. దంతాల కోసం తగ్గించండి, చాలు. కృత్రిమ రంగుల విషయం కొంత వేరు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని రంగులు, సోడియం బెంజోయేట్ కలిసిన పానీయాలు పిల్లలలో చాంచల్యాన్ని స్వల్పంగా పెంచుతున్నట్లు గుర్తించారు. ఐరోపాలో 2010 నుండి ఆ రంగులున్న పొట్లాలపై హెచ్చరిక ముద్రిస్తున్నారు. వాటిలో టార్ట్రజైన్, సన్‌సెట్ యెల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ మన దేశంలోనూ పరిమితులతో అనుమతి ఉన్నవే. కనుక రంగురంగుల మిఠాయిల స్థానంలో ఉడికించిన శనగలు, పల్లీపట్టీ, నువ్వుండ, అరటిపండు సాయంత్రపు చిరుతిండిగా ఇవ్వడం మేలు. ఉదయం పెసరట్టు, గుడ్డు, ఇడ్లీ సాంబారు వంటి మాంసకృత్తులున్న ఫలహారం తప్పనిసరి. రక్తహీనత కూడా అవధానాన్ని దెబ్బతీస్తుంది కనుక ఒకసారి రక్తపరీక్ష చేయించి, లోపముంటే వైద్యుని సలహాతో ఇనుము ఇప్పించాలి. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర అవసరం. గురక పెట్టే పిల్లవాడిని చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపండి. సరిగా నిద్రపట్టని పిల్లవాడు పగలు అచ్చం ఇటువంటి లక్షణాలే చూపుతాడు.

చరకుడు మేధ్య రసాయనాలుగా నాలుగింటిని చెప్పాడు: మండూకపర్ణి, యష్టిమధు, గుడూచి, శంఖపుష్పి. మన ఇళ్లలో సరస్వతి ఆకు అని పిలిచేది మండూకపర్ణి. నీటి చెలమల వద్ద పెరిగే చిన్న ఆకుల బ్రాహ్మి వేరే మొక్క. దుకాణాలలో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నారు. శంఖపుష్పి విషయంలోనూ ఈ గందరగోళం ఉంది. సరస్వతి ఆకు పచ్చడి, పప్పు ఆహారంగా ఆక్షేపణీయం కాదు. అయితే ఈ మూలికలేవీ ఎ.డి.హెచ్.డి.ని తగ్గిస్తాయనడానికి తగినంత నిరూపణ నేటికీ లేదు. ఒకటి రెండు హెచ్చరికలు కూడా అవసరం. అతిమధురం దీర్ఘకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 2021లో ముంబాయి వైద్యులు ప్రకటించారు. మాటలు వస్తాయని, తెలివి పెరుగుతుందని పిల్లలకు అరగదీసి నాకించే వసను అమెరికాలో 1968లోనే ఆహారపదార్థాలలో నిషేధించారు. "జ్ఞాపకశక్తి సిరప్" అని ప్రకటనలు చూసి కొనడం మానండి. అర్హుడైన ఆయుర్వేద వైద్యుడు వ్రాసి ఇచ్చినదైనా, పిల్లవాడికి ఇతర మందులు నడుస్తుంటే ఆ సంగతి ఇద్దరు వైద్యులకూ చెప్పాలి.

ఎవరికి చూపాలి?

ప్రతి అల్లరి పిల్లవాడికీ ఈ పేరు తగిలించరాదు. నేటి ప్రమాణాల ప్రకారం లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు సాగాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా కనబడాలి, చదువుకో స్నేహాలకో నిజంగా ఆటంకం కావాలి. ఇంట్లో మాత్రమే కనబడితే కారణం ఇంట్లో, బడిలో మాత్రమే కనబడితే బడిలో వెదకాలి. ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్షించాలి. పలువురు పిల్లలలో చదవడం, వ్రాయడంలో ప్రత్యేక అభ్యసన లోపం కూడా దీనితో జంటగా ఉంటుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాలలో అభ్యసన లోపం ఉంది, ఎ.డి.హెచ్.డి. విడిగా లేదు. పరీక్షలలో అదనపు సమయం వంటి వెసులుబాట్లు కావాలంటే ఆ పరీక్ష కూడా చేయించడం అవసరం.

ప్రభుత్వ పరంగా 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలలో వెదకవలసిన స్థితులలో ఇదీ ఒకటి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు ఆ బాధ్యత ఉంది. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో బాలల మానసిక వైద్య విభాగం ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆరేళ్ల లోపు పిల్లలకు మొదట తల్లిదండ్రులకు శిక్షణయే చికిత్స. ఆరేళ్లు దాటిన వారిలో, లక్షణాలు తీవ్రమైతే, మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్ వంటి మందులను నిపుణులు ఇస్తారు. వీటి పేరు చెబితేనే భయపడేవారున్నారు. నిపుణుని పర్యవేక్షణలో ఇవి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి. ఆకలి తగ్గడం సాధారణ దుష్ఫలితం, కనుక ఉదయం మాత్ర వేయకముందే కడుపునిండా ఫలహారం పెట్టాలి. మిథైల్‌ఫెనిడేట్ సాధారణ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే. ఉదయం వేసుకున్నది సాయంత్రం హోంవర్కు వేళకు మిగలదు. "మందు వాడుతున్నా ఇంట్లో మార్పు లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా ఇదే కారణం. మీ హోంవర్కు వేళను వైద్యునికి చెబితే మోతాదు వేళలను ఆయన సరిచేయగలరు. మీరుగా మార్చడం, మానడం చేయకండి.

ఆసరాలను తీసివేయడం కూడా ఒక క్రమంలో జరగాలి. మూడు నాలుగు వారాలు నిలకడగా సాగిన లంకెకు పిక్కలు ఆపి, తరువాతి లంకెకు మొదలుపెట్టండి. టీచరు సంతకం రోజు విడిచి రోజు, ఆపై వారానికొకటి చేయండి. రాత్రి సంచి తనిఖీని మాత్రం అన్నిటికంటే చివర వదలండి, ఏడెనిమిది తరగతుల వరకు అవసరం కావచ్చు. జూన్ రెండవ వారంలో బడులు తెరిచినప్పుడు కొత్త తరగతి, కొత్త టీచర్లు, కొత్త టైంటేబులు వల్ల కుదిరిన లంకెలు మళ్లీ వదులవుతాయి. కొత్త పుస్తకాలకు అట్టలు వేసే రోజునే రంగు కాగితాలు కూడా అంటించి, ఆరు గడుల కాగితాన్ని మొదటి రెండు వారాలు తిరిగి వంటింటి తలుపుకు పెట్టండి.